నలభై ఒకటో ఫేజూ, సీలు వేసిన మందూ

జూన్ 9

పొద్దున్నే చేపల బజారు మురుగు కాలువలోంచి రెండు సీసాల నీళ్లు ముంచుకొచ్చాను. ఫేజులను వెతకడానికి కొత్త గెడ్డపాలెంలో ఇంతకంటే మంచి చోటు లేదు. బాక్టీరియా ఎక్కడ కుప్పలుగా ఉంటే, వాటిలోకి దూరి పగలగొట్టే వైరస్‌లూ అక్కడే ఉంటాయి. ఆ వైరస్‌లే ఫేజులు. వాటిని పట్టి, పెంచి, నంబర్లు వేసి, రోగి ఒంట్లోని బాక్టీరియాను ఏది తింటుందో చూసి వార్డుకు పంపడం నా పని. ఇరవై రెండేళ్లుగా ఇదే చేస్తున్నాను.

మా సూపరింటెండెంటు డాక్టర్ ఉదయభాస్కరం నా గది ముందు నుంచి వెళ్లేటప్పుడు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. ఫేజుల మీద ఆయన రాసిన పుస్తకం మూడో ముద్రణకొచ్చింది. అందులో మురుగు అన్న మాట ఒక్కసారి కూడా రాదు.

పదకొండు గంటలకు కొత్త రోగిని చేర్చుకున్నారు. పేరు పైడిరాజు, వయసు నలభై ఆరు. వృత్తి అన్న గడిలో 'వైద్యం' అని రాయించాడు. నేను కొట్టేసి 'సీసాల అమ్మకం' అని రాశాను. ఊళ్లో అతన్ని ఎరగనివాళ్లు లేరు. తోపుడుబండి మీద నీలం సీసాలు పేర్చుకుని, 'జీవజలం' అని అరుస్తూ వీధి వీధీ తిరుగుతాడు. గీరుకుపోయినా, గోరు విరిగినా ఒక మూత తాగితే చాలంటాడు. పాత యాంటీబయాటిక్ మందులు పనిచేయక, ఔషధ మండలి వాటికి సీలు వేశాక, ముల్లు గుచ్చుకుంటే మనిషి పోయే కాలం ఇది. గులాబీ మొక్క పెంచాలంటే లైసెన్సు కావాలి, మంగలి కత్తి పట్టుకుంటే జరిమానా. అలాంటి ఊళ్లో భయాన్ని సీసాలో పోసి అమ్మడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు.

బండి మీద సీసా పగిలి అతని పిక్కలో గాజుపెంకు దిగింది. ఆరు రోజులు పంచె కిందికి దించి దాచుకున్నాడు. పుండున్న వాడి దగ్గర పుండు మందు ఎవరు కొంటారు? ఇప్పుడు పిక్క మోకాలంత లావైంది. పచ్చటి చీము కారుతోంది. జ్వరం నూట మూడు.

జూన్ 10

చీములో ఉన్నది సూడోమోనాస్. ఊళ్లోవాళ్లు పచ్చచీము పురుగంటారు. నా దగ్గరున్న అరవై మూడు ఫేజులనూ దాని మీద వేసి చూశాను. బాక్టీరియా పెరిగిన ప్లేటు మసక అద్దంలా ఉంటుంది. ఫేజు దాన్ని తిన్నచోట చుక్కలా తేట పడుతుంది. అరవై రెండు చోట్ల ఏమీ పడలేదు. నలభై ఒకటో నంబరు దగ్గర మాత్రం శుభ్రమైన తేట మచ్చ కనిపించింది.

అరవై రెండు తప్పినందుకు నాకు ఆశ్చర్యం కలగలేదు, అసహ్యం వేసింది. అతని సీసా ఒకటి తెప్పించి పరీక్ష చేశాను. అందులో నిజంగానే ఫేజులున్నాయి, చారులో పప్పు గింజల్లాగా. ఎవడో మూలన పడేసిన పాత ఫేజు నీళ్లలో పది రెట్లు కుళాయి నీళ్లు కలిపినట్టుంది. చంపడానికి చాలదు, నేర్పడానికి సరిపోతుంది. ఇతగాడు ఊళ్లో ఉన్న ప్రతి పుండుకూ ఇన్నేళ్లుగా మా ఫేజులను తప్పించుకోవడం నేర్పించాడు. ఆ పాఠం బాగా వంటబట్టిన పురుగు గురువుగారి కాల్లోనే చేరింది.

నలభై ఒకటిని పెంచడానికి పెట్టాను. పన్నెండు గంటలు పడుతుంది. అతని కోసం అంతసేపు కూర్చోవాలనిపించలేదు. అయినా కూర్చున్నాను.

జూన్ 13

రెండు రోజులుగా సిస్టర్ ఎస్తేరు నలభై ఒకటిని సూదిగా ఇస్తోంది, పుండులోనూ పోస్తోంది. ఈ ఆసుపత్రిలో నేను నోరు పారేసుకోని మనిషి ఎస్తేరు ఒక్కతే. జ్వరం వందకు దిగింది, చీము పలచబడింది.

పైడిరాజు లేచి కూర్చుని పక్క మంచాల వాళ్లకు జీవజలం గురించి చెబుతున్నాడు. తను కోలుకుంటున్నది ఇన్నాళ్లూ తాగిన సీసాల బలం వల్లనేనట, ఆసుపత్రివాళ్లు పైపైన తుడుస్తున్నారంతేనట.

డాక్టరుగారు ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చారు. మంచం పక్కన నిలబడి, రోగి భుజం మీద చెయ్యి వేసి, కెమెరా వైపు చూస్తూ, పాత మందుల విషం ఒక్క చుక్క లేకుండా ఫేజు ఒక్కటే సాధించిన విజయం ఇదని చెప్పారు. రోగి పేరు కెమెరా ముందు రెండుసార్లు తప్పు పలికారు.

ఒకడు నీళ్లమ్మేవాడు, ఇంకొకడు మాటలమ్మేవాడు. ఒకే ఫొటోలో పక్కపక్కన బాగానే కుదిరారు.

జూన్ 17

జ్వరం మళ్లీ వచ్చింది. పొద్దున నూట రెండు, మధ్యాహ్నానికి నూట నాలుగు. కట్టు విప్పితే ఆకుపచ్చ. కొత్తగా చీము తీసి నలభై ఒకటిని వేశాను. ప్లేటు అంతా మసకే, ఒక్క చుక్క తేట లేదు. వారం తిరక్కుండానే పురుగు నలభై ఒకటినీ తప్పించుకుంది.

అతని భార్య సన్యాసమ్మ వచ్చింది. ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంటులో పనిచేస్తుంది. చేతులకు మోచేతుల దాకా తొడుగులు, ఒక్క గీత కూడా పడకుండా జాగ్రత్తగా బతికిన మనిషి. నా గది గుమ్మంలో నిలబడి, ఎన్నాళ్లుంటాడో చెప్పమంది. నాలుగైదు రోజులన్నాను. ఏడవలేదు. మీ ఇంట్లో ఈ సీసాలు ఎంతమంది తాగారని అడిగాను. పురుగు ఇంకెవరిలో ఉందో తెలుసుకోవడానికి అడిగిన ప్రశ్న అది.

"మా ఇంట్ల ఒక్క సుక్క ఎవులూ తాగనేదమ్మా," అంది. "అది మందు కాదని ఆడికీ ఎరుకే, నాకూ ఎరుకే. పిల్లల్ని దాని దరికి రానిచ్చినోడు కాడు."

నా ముఖం చూసి తల దించుకుంది. మళ్లీ ఎత్తింది.

"ఆడు మంచోడని నాను అన్ను. ఐతే ఆడు బతకాల. నిలబెట్టి అడగడానికైనా బతకాల గదా."

జూన్ 18

ఈ పుస్తకం గది రికార్డే అయినా, ఈ రోజు రాస్తున్నది దాని కోసం కాదు.

బోధన పెట్టెలో పాత మందుల బిళ్లలున్నాయి. కాగితం ముక్కలకు యాంటీబయాటిక్ పూసి ఎండబెట్టినవి, చదువుకునే పిల్లలకు ఒకప్పుడు ఇవి ఉండేవని చూపించడానికి దాచినవి. వాటిలో సెఫ్టాజిడిమ్ బిళ్ల తీసి రెండు ప్లేట్ల మీద పెట్టాను. పైడిరాజు ఆసుపత్రిలో చేరిన రోజు పురుగు ఒక ప్లేటు మీద, నిన్నటి పురుగు రెండో దాని మీద. మొదటిది బిళ్లను లెక్కచేయలేదు, అంచుదాకా పెరిగింది. రెండోదాంట్లో బిళ్ల చుట్టూ బొటనవేలంత వెడల్పున తేట వలయం ఏర్పడింది.

కారణం తేలికే. ఈ పురుగు ఒంటి మీద ఒక తూము ఉంటుంది. లోపలికి వచ్చిన మందును ఎప్పటికప్పుడు ఆ తూములోంచి బయటికి తోసేస్తుంది. అందుకే మందు పనిచేయదు. నలభై ఒకటో ఫేజు పట్టుకునేది సరిగ్గా ఆ తూమునే. ఫేజు నుంచి తప్పించుకోవాలంటే పురుగు తూము వదులుకోవాలి. తూము వదులుకుంటే మందు లోపలే నిలుస్తుంది. తూము ఉంటే ఫేజు చంపుతుంది, లేకపోతే మందు చంపుతుంది. రెండూ కలిపి ఇస్తే దానికి దారి లేదు. ఒకటి ఆపితే మాత్రం మళ్లీ మొలుస్తుంది.

ఈ వలయం నేను చూడటం ఇది మొదటిసారి కాదు. ఎనిమిదేళ్ల కిందట ఆరో మంచం మీద తవిటమ్మ అనే ఆవిడ ఉండేది. మురుగు కాలువలు తీసేది. నాకు నీళ్లు ముంచడానికి మంచి చోట్లు చూపించింది ఆవిడే. ఫేజు ఇచ్చాక ఆవిడ పురుగు కూడా ఇలాగే తప్పించుకుంది. నేను సరదాకి బిళ్ల పెట్టి చూశాను. ఇదే వలయం. ప్లేటును కాసేపు అటూ ఇటూ తిప్పి, యంత్రంలో వేసి కాల్చేశాను. చెప్పడం నా పని కాదనుకున్నాను. చెప్తే ఉద్యోగం పోతుందనీ అనుకున్నాను. ఆవిడ మూడో రోజు పోయింది. డాక్టరుగారి మీదా, పైడిరాజు మీదా ఇన్ని పేజీలు వెటకారం రాసిన నాకు, నా మీద ఎంత రాసుకోవాలో తెలియలేదు. ఈ పేరా చాలదని మాత్రం తెలుసు.

ప్లేట్లు రెండూ పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన వాటిని చేత్తో ముట్టుకోలేదు. నేను చెప్పింది మొత్తం విని, కళ్లజోడు తుడుచుకుని, ఇది తనకు తెలియని సంగతి కాదన్నారు. పాత పత్రికల్లో చదివారట. తెలియనివాడు మూర్ఖుడు, అతన్ని క్షమించవచ్చు.

"తెలిసి పుస్తకంలో ఎందుకు రాయలేదండీ?" అన్నాను.

"రత్నంగారూ, ఈ దేశం పాత మందులను మిఠాయిల్లా మింగి ఈ స్థితికి వచ్చింది. ఒక్క తలుపు తీస్తే రేపు రొయ్యల చెరువుల్లోకి కూడా బస్తాలతో పోస్తారు. మనం చెప్పాల్సింది ఒక్కటే మాట. ఫేజు చాలు. మాట ఒక్కటైతేనే జనం వింటారు."

"ఫేజు చాలడం లేదు గదా. మంచం మీద మనిషి ఉన్నాడు."

"కాలు తీసేద్దాం. పాత మందు కోసం ఔషధ మండలికి దరఖాస్తు పెడదాం. ఇరవై ఒక్క రోజుల్లో జవాబు వస్తుంది."

రక్తంలో కూడా పురుగు కనబడిందని సిస్టర్ ఎస్తేరు పొద్దునే రాసి పంపింది. ఆ కాగితం ఆయన బల్ల మీదే, మోచేతి కింద ఉంది. కాలు తీస్తే రక్తం బాగుపడదు. నాలుగు రోజులున్న మనిషికి ఇరవై ఒక్క రోజుల జవాబు ఎవరికి అందించాలో అడగాలనిపించింది. ప్లేట్లు తీసుకుని వచ్చేశాను. వినేవాళ్ల దగ్గర అడగాలి ప్రశ్న.

జూన్ 19

మందుల గదిలో ఇనప అల్మరా ఉంది. దాని మీద మండలి వేసిన ఎర్ర లక్క సీలు. లోపల సెఫ్టాజిడిమ్ సీసాలు నలభై. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లెవరికైనా అవసరం పడితే వాడటానికని దాచారు. ఫేజు ఒక్కటే చాలని అందరికీ చెప్పేవాళ్లు తమ కోసం అల్మరా నింపుకున్నారు. ఇంతకంటే నిజాయితీగా వాళ్లు ఏదీ ఒప్పుకోలేదు.

పొద్దున పదిన్నరకు, మందుల గది నిండా జనం ఉండగా, సుత్తి తీసుకుని సీలు పగలగొట్టాను. ఎవరూ ఆపలేదు. ఒకతను మాత్రం ఈ సంగతి తను చూడలేదని రాసుకోమని కోరాడు. రాశాను. పేరుతో సహా రాశాను, తర్వాత జాలేసి పేరు కొట్టేశాను.

సీసాల గడువు దాటి నాలుగేళ్లైంది. ఒకదాన్ని కరిగించి పురుగు మీద వేసి ఆరు గంటలు చూశాను. బలం ముప్పాతిక వంతు మిగిలింది. మోతాదు దానికి తగ్గట్టు పెంచాను. సన్యాసమ్మకు అంతా చెప్పాను, పనిచేయకపోవచ్చని, మూత్రపిండాలు దెబ్బతినవచ్చని కూడా. నా దగ్గరున్న కాగితం మీద వేలిముద్ర కాదు, నిండు సంతకం చేసింది.

ఇక సూది వేసే మనిషి కావాలి. ఎస్తేరును పిలిచి, వేస్తే ఏమవుతుందో చెప్పాను. ఆవిడ వాచీ చూసుకుంది.

"ముందు ఏది?" అని మాత్రం అడిగింది.

"ముందు ఫేజు. నాలుగు గంటల తర్వాత మందు. ఆ తర్వాత ఎనిమిదేసి గంటలకు ఒకసారి మందు. పన్నెండేసి గంటలకు ఫేజు. పది రోజులు ఏదీ ఆపకూడదు."

చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

జూన్ 22

డాక్టరుగారు మూడు రోజులుగా వార్డు వైపు రాలేదు. చూడకపోతే జరగలేదన్నమాట. ఈ పద్ధతిలో ఆయన చాలా జబ్బులు నయం చేసి ఉంటారు.

పైడిరాజుకు మొన్న మతి తప్పింది. పక్క మంచాన్ని బండి అనుకుని తోయబోయాడు. నిన్న మూత్రం తగ్గింది. మందు వల్లే కావచ్చు. నీళ్లు ఎక్కించి మోతాదుల మధ్య గంట వ్యవధి పెంచాం. ఈ పొద్దున జ్వరం నూట ఒకటి. రక్తం ప్లేటు మీద నిన్న వందలుగా ఉన్న పురుగు చుక్కలు ఈరోజు పదకొండు. రెండుసార్లు లెక్కపెట్టాను, పదకొండే.

జూన్ 29

రక్తంలో పురుగు లేదు. పుండు ఎర్రగా, శుభ్రంగా మూసుకుంటోంది. పదో రోజు ఆఖరి సూది పడింది. మనిషి బతికాడు. కాలుతో సహా బతికాడు.

జూలై 2

మనిషి చచ్చిపోయేటప్పుడు అందరూ దూరం జరుగుతారు, బతికితే అందరూ దగ్గరికొస్తారు.

మొదట డాక్టరుగారు పిలిపించారు. కుర్చీ చూపించారు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి టీ తెప్పించారు. అల్మరాకు కొత్త సీలు వేయించవచ్చట, మండలిలో తెలిసినవాళ్లున్నారట. రికార్డులో జూన్ 18 నుంచి ఇవాళ్టి దాకా పేజీలు తిరగ రాస్తే సరిపోతుందట. నలభై ఒకటో ఫేజును రెండోసారి ఎక్కువ మోతాదులో ఇవ్వగా రోగి కోలుకున్నాడు, అంతే. నా మీద కేసు ఉండదు. పుస్తకం నాలుగో ముద్రణలో నాకు కృతజ్ఞతలు చెబుతారు. టీ చల్లారిపోయింది. తాగకుండా లేచి వచ్చాను.

తర్వాత పైడిరాజు, ఊతకర్ర పట్టుకుని, నా గుమ్మం దాకా నడిచి వచ్చాడు. సన్యాసమ్మ వెనకే ఉంది.

"తల్లీ, నువ్వు సేసింది మర్సిపోను," అన్నాడు. "నీ మీద కేసు రాకండ నాను సూసుకుంతాను. జీవజలం వల్లే బతికినానని సెప్పీస్తాను. ఊరంతా నమ్ముద్ది."

నాకు చెయ్యి లేచినంత పనైంది. అంతలో వెనక నుంచి సన్యాసమ్మ ముందుకొచ్చి, అతని చేతిలోంచి ఊతకర్ర లాక్కుంది. అతను గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంటికాడ ఉన్న సీసాలన్నీ నిన్ననే గెడ్డలో ఒంపీసినాను," అంది మొగుడితో. "నీళ్ల పలాంటుల మనుసులు కావాలంట. రేపట్నించి నువ్వు నాతో వస్తన్నావు. రాకపోతే ఇక్కడే ఉండు, ఈ కర్ర ఇవ్వను."

అతను నా వైపు చూశాడు, సాయం వస్తానేమోనని. నేను ప్లేట్లు కడుక్కున్నాను.

జూలై 4

మండలి నుంచి అధికారిణి వచ్చింది. నేనే కబురు పెట్టాను. డాక్టరుగారు వాకిట్లోనే ఆవిడను ఆపి, సిబ్బందికి అలసట వల్ల కలిగే భ్రమల గురించి అరగంట మాట్లాడారు. ఆవిడ నా గదిలోకి వచ్చి, సీలు తీసింది ఎవరని అడిగింది. నేనేనన్నాను. శిక్ష చదివింది. లైసెన్సు రద్దు, ఏ ఆసుపత్రి గడపా మూడేళ్లు తొక్కకూడదు. తర్వాత పదిహేడో నిబంధన చదివింది. సీలు తీసినవారు నేరాన్ని తమ మాటల్లో రాసివ్వాలి. దాన్ని దేశంలోని అన్ని ఫేజు గదుల్లో, సిబ్బందిని నిలబెట్టి, హెచ్చరికగా చదివి వినిపించాలి.

ఇంకోసారి చదవమన్నాను. మళ్లీ చదివింది.

"నా మాటల్లోనేనా? ఎవరూ దిద్దకుండా?"

"దిద్దకూడదు. నిబంధన."

మండలివాళ్లను నేను ఎన్ని మాటలన్నానో నాకే లెక్క లేదు. నన్ను సిగ్గుపరచడానికి వాళ్లు ఒక వేదిక కట్టి ఉంచారని మాత్రం నాకు తెలియదు. కూర్చుని నేరం రాయడం మొదలుపెట్టాను. నాలుగు పేజీలైంది. పురుగు తూము గురించి రాశాను. నలభై ఒకటి దేన్ని పట్టుకుంటుందో, తూమును పట్టే ఫేజును మురుగునీళ్లలో ఎలా వెతకాలో రాశాను. బిళ్ల ఎలా పెట్టాలో, వలయం ఎంత వెడల్పుంటే ఆశ పెట్టుకోవచ్చో, గడువు దాటిన సీసా బలం ఎలా చూడాలో, మోతాదు ఎంతో, ఏది ముందో, మూత్రం తగ్గితే ఏం చేయాలో అన్నీ రాశాను. తవిటమ్మ పేరు రాశాను. ఆమె విషయంలో సీలు తీయకపోవడం నా అసలు నేరమని రాశాను.

అధికారిణి మొదటి పేజీ చదివింది. రెండో పేజీలో ఆగి నా వైపు చూసింది.

"ఇంత వివరం అవసరమా?"

"పూర్తిగా ఒప్పుకోమన్నారు గదమ్మా. సగం ఒప్పుకుంటే అదో నేరం."

ఆవిడ మిగతా రెండు పేజీలూ చదివింది. ముద్ర వేసి సంచిలో పెట్టుకుంది. ఆవిడకు అర్థమైందో లేదో నాకు తెలియదు. అర్థమై ఉంటే మండలిలో ఒక మనిషి ఉన్నట్టు లెక్క.

ఆగస్టు 21

ఇప్పుడు రాస్తున్నది నా సొంత నోటుబుక్కులో. ఉప్పు మడుల దగ్గర కూలీలకు చేతి తొడుగులు పంచే పని దొరికింది. ఎస్తేరును ఏటి మధ్య లంకలోని చిన్న ఆసుపత్రికి బదిలీ చేశారు. అక్కడ పీతలు బాగుంటాయని ఉత్తరం రాసింది. డాక్టరుగారి ఫొటో ఇంకా ఆసుపత్రి గోడ మీదే ఉందట. ఉండనీ, గోడకు ఏదో ఒకటి కావాలి.

మధ్యాహ్నం భోజనాల వేళ ఫోను మోగింది. ఎవరో అమ్మాయి. పేరు మృణ్మయి అని చెప్పింది. ఎక్కడో కొండల అవతల ఉన్న ఆసుపత్రిలో ఫేజు గది చూస్తుందట. మోకాళ్ల దాకా కాలిన తొమ్మిదేళ్ల పిల్ల మంచం మీద ఉందట. పచ్చచీము. మూడో రోజే పురుగు ఫేజును తప్పించుకుందట.

నా నంబరు ఎక్కడిదని అడిగాను. మా ఆసుపత్రి గేటు దగ్గర కాపలా అతన్ని బతిమాలితే ఇచ్చాడంది.

"పోయిన నెల మమ్మల్ని నిలబెట్టి మీ కాగితం చదివారండీ," అంది. "అందరం తలొంచుకుని విన్నాం. తలొంచుకుని రాసుకున్నాం."

తొడుగుల కోసం వరసలో నిలబడ్డవాళ్లు నా వైపే చూస్తున్నారు.

వలయం ఎంత వచ్చిందని అడిగాను. బొటనవేలి కంటే కొంచెం ఎక్కువంది. సీలు ఎవరు తీశారని అడిగాను. వాళ్ల అల్మరాకు సీలు లేదట, తాళమేనట. పెద్ద డాక్టరే తాళంచెవి బల్ల మీద మరిచిపోయి ఊరెళ్లారట. మరిచిపోవడం కూడా ఒక్కోసారి మనిషికి శోభ తెస్తుంది.

మరి ఎందుకు ఫోను చేశావన్నాను. చదివినాయన గబగబా చదివేశాడట, ఏది ముందో ఎవరికీ సరిగా వినబడలేదట.

"ముందు ఫేజు," అన్నాను. "నాలుగు గంటల తర్వాత మందు. తొమ్మిదేళ్ల పిల్ల గదా, బరువు తూచి మోతాదు కట్టు, వయసు చూసి కాదు. రాసుకున్నావా?"

"రాసుకున్నానండీ."

"చదువు."

చదివింది. ఒక అంకె తప్పు. దిద్దాను. చెవులెక్కడ పెట్టుకుని విన్నావని కసిరాను. మళ్లీ చదివింది, ఈసారి తప్పు లేదు. ఈ రోజు ఫేజు ఇచ్చి ఎంతసేపైందని అడిగితే ఇంకా ఇవ్వలేదంది.

"అయితే నాతో కబుర్లేమిటి? పో," అన్నాను.